66 లీటర్ల రీఫ్ ట్యాంక్‌లో గోధుమ జిగురు, విచ్చుకోని జోవాలు: ఏది ముందు సరిచేయాలి

మీ రీఫ్ ట్యాంక్‌లో, అంటే ఉప్పునీటి పగడాల ట్యాంక్‌లో, గోధుమ జిగురు ఎందుకొస్తోంది, జోవాలు ఎందుకు విచ్చుకోవడం లేదని అడిగారు. మీరు రాసినదాంట్లో పనికొచ్చే వివరాలు ముందు ఒకచోట పెట్టుకుందాం. హైదరాబాద్‌లో బెడ్‌రూమ్‌లో రెండడుగుల ట్యాంక్, 24×12×14 అంగుళాలు, పెట్టి నాలుగు నెలలు. డ్రై రాక్ (జీవం లేని ఎండురాయి) 8 కిలోలు, క్లౌన్ చేపలు రెండు, జోవాలు (పువ్వుల్లా విచ్చుకునే పగడజాతి జీవులు), మష్రూమ్ కోరల్స్, ఒక లెదర్ కోరల్. ఉప్పు కొలిచే ముల్లు హైడ్రోమీటర్ 1.023 చూపిస్తోంది. నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0, పీహెచ్ 7.8. ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా పట్టి ఉంచే కార్బనేట్ల కొలత, డీకేహెచ్ యూనిట్లలో) ఒక వారం 6.5, ఇంకో వారం 11. మధ్యాహ్నానికి నీళ్లు 31 డిగ్రీలు దాటుతున్నాయి. ఇసుక మీద, రాళ్ల మీద గోధుమ రంగు జిగురు. నత్తలు పోయాయి, జోవాలు విచ్చుకోవడం మానేశాయి. ఇంటి ఆర్‌వో నీళ్లే వాడుతున్నారు, టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న పదార్థాలు) 45. నాలుగు రకాల సీసాలు పోస్తున్నారు, పీహెచ్ పెంచే బఫర్, నైట్రేట్ తగ్గించేదీ వాటిలోవే.

నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా కాబట్టి నీళ్లు బాగానే ఉన్నట్టు అన్నారు. మంచినీటి ట్యాంక్ నుంచి వచ్చినవాళ్లందరూ అలాగే అనుకుంటారు. రీఫ్‌లో మాత్రం ఆ రెండు సున్నాలే మీ జిగురుకి మూలం. అయితే దాని సంగతి చూసేలోపు సరిచేయాల్సినవి రెండు మూడున్నాయి. అవి వదిలేసి జిగురు మీద పడితే, పోయినట్టే పోయి పది రోజుల్లో మళ్లీ వస్తుంది.

ఈ రోజు చేయాల్సింది ఒక్కటే: ఆ నాలుగు సీసాలూ అటకెక్కించండి. చిన్న ట్యాంక్‌లో కోరల్స్‌ని చంపేది తక్కువ అంకె కాదు, ఎక్కువ అంకె కాదు, ఊగే అంకె. ఆల్కలినిటీ 7.5 దగ్గర కదలకుండా ఉంటే జోవాలు హాయిగా బతుకుతాయి. 6.5 నుంచి 11కి, 11 నుంచి 6.5కి ఊగితే బతకవు.

ఇంకో చిన్న లెక్క. కొలతల ప్రకారం మీ ట్యాంక్ 66 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే అందులో ఉన్న నీళ్లు 50 లీటర్లకి అటూ ఇటూగా ఉంటాయి. ఏ మోతాదైనా ఆ 50కే లెక్కేయండి. డబ్బా మీద రాసిన కెపాసిటీకి లెక్కేసి పోస్తే ప్రతిసారీ ముప్పై శాతం ఎక్కువ పడుతుంది.

ముందు సెలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు ఎంతుందన్నది. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌ని నమ్మకండి. ముల్లుకి రెండు గాలి బుడగలు అంటుకుంటే రీడింగ్ పైకి లేస్తుంది, ఉప్పు పేరుకుంటే ఇంకో వైపు తప్పుతుంది. అది సరిగ్గానే చూపిస్తోందనుకున్నా 1.023 అంటే 30, 31 పీపీటీ (లీటరుకి సుమారు అన్ని గ్రాముల ఉప్పు) మధ్య. మనకి కావలసింది 35, అంటే 25 డిగ్రీల దగ్గర 1.026. ఒక రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగడాన్నిబట్టి ఉప్పు కొలిచే పరికరం) కొనండి. భీమవరం, నెల్లూరు వైపు ఏ ఆక్వా షాపులోనైనా దొరికేదే, రొయ్యల రైతుల దగ్గర ఉండేది కూడా అదే. దాన్ని ఆర్‌వో నీళ్లతో సున్నాకి పెట్టి ఊరుకోవద్దు. చాలా రిఫ్రాక్టోమీటర్ల స్కేలు మామూలు ఉప్పునీటికి గీసింది, సముద్రపు నీటికి కాదు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నా 35 దగ్గర ఒకటిన్నర పీపీటీ దాకా తప్పు చూపిస్తుంది. అందుకే 35 దగ్గరే సరిచూడాలి. ల్యాబ్ గ్రేడ్ సోడియం క్లోరైడ్ 3.65 గ్రాములు, సున్నా టీడీఎస్ నీళ్లు 96.35 గ్రాములు, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద తూచి కలపండి. ఈ ద్రావణం రిఫ్రాక్టోమీటర్‌లో సరిగ్గా 35 పీపీటీ సముద్రపు నీళ్లలాగే కనబడాలి. గాజు మీద రెండు చుక్కలు వేసి, మూత వేసి, అర నిమిషం ఆగి, కిటికీ వెలుతురు వైపు పెట్టి చూడండి. గీత 35 మీద లేకపోతే స్క్రూ తిప్పి తేండి. సీసాకి గట్టిగా మూత పెట్టి ఉంచుకుంటే ఆ ద్రావణం నెలల తరబడి పనికొస్తుంది. మూత వదులైతే నీళ్లు ఆవిరై కొలతే మారిపోతుంది.

నిజంగానే 31 ఉందని తేలితే ఒక్క పూటలో 35కి లాగకండి. రోజూ ఆవిరైన నీటికి బదులు మంచి నీళ్లు పోస్తున్నారు కదా, దాని బదులు 35 పీపీటీ ఉప్పునీళ్లు పోయండి. రోజుకి లీటరు పోస్తే 35 గ్రాముల ఉప్పు చేరుతుంది, 50 లీటర్లలో అది 0.7 పీపీటీ. ఆరు రోజుల్లో చేరుకుంటారు. ఆ తర్వాత మళ్లీ మంచి నీళ్లకి మారిపోవాలి. ఉప్పు ఆవిరి కాదు, నీళ్లే ఆవిరవుతాయి.

మీ ట్యాంక్ ఉపరితలం దాదాపు 1,860 చదరపు సెంటీమీటర్లు. నీటిమట్టం అర సెంటీమీటర్ తగ్గిందంటే సుమారు లీటరు పోయిందన్నమాట, సెలినిటీ 35 నుంచి 35.7కి పెరిగింది. మే నెలలో ఫ్యాన్ పెడితే రోజుకి లీటరున్నర, రెండు లీటర్లు పోవడం మామూలే. రెండు రోజులు ఊరెళ్లొస్తే 37, 38 చూస్తారు. కాబట్టి ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీళ్లని దానంతట అదే భర్తీ చేసే ఏర్పాటు) ఈ సైజు ట్యాంక్‌కి విలాసం కాదు, ఫిల్టర్‌కన్నా ముందు కొనాల్సిన వస్తువు. సెన్సర్ నీటిమట్టం దగ్గర, చిన్న పంపు పక్కన 10 లీటర్ల డబ్బాలో. డబ్బా 10 లీటర్లకి మించొద్దు. సెన్సర్ మీద నత్త కూర్చుని పంపు ఆగకపోయినా, మొత్తం పోసేసినా ట్యాంక్ తట్టుకునేలా ఉండాలి. ట్యూబు చివర నీళ్లలో ముంచకండి, పంపు ఆగాక ట్యాంక్ నీళ్లు సైఫన్ అయి వెనక్కొచ్చి డబ్బా ఉప్పగా తయారవుతుంది. అది పొంగిపొర్లి పక్కమీద పడేదాకా ఎవరూ గమనించరు.

టీడీఎస్ 45 నీళ్లు మనిషి తాగడానికి బాగుంటాయి. లెక్క చూడండి: రోజుకి లీటరున్నర టాప్ ఆఫ్, నెలకి 45 లీటర్లు. లీటరుకి 45 మిల్లీగ్రాముల చొప్పున నెలకి రెండు గ్రాముల ఘనపదార్థం 50 లీటర్లలో పేరుకుంటుంది, అంటే 40 పీపీఎం. అందులో సిలికేట్ ఎంత, నైట్రేట్ ఎంత, లోహాలేమిటి అన్నది టీడీఎస్ పెన్ను చెప్పదు. మన ఇళ్లలోని ఆర్‌వోల్లో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ అని ఒక వాల్వ్ ఉంటుంది, అది కొంత బోరు నీళ్లని మెంబ్రేన్ గుండా పోనివ్వకుండా నేరుగా కలిపేస్తుంది. దాని వెనకాల మినరల్ కార్ట్రిడ్జ్ ఇంకో వడ్డన. మెకానిక్‌ని పిలిచి మెంబ్రేన్ దాటగానే, ఈ రెండిటికీ ముందే, ఒక టీ కనెక్టర్ పెట్టించి పక్కకి లైను తీయించండి. ఆ లైను మీద పదంగుళాల హౌసింగ్‌లో మిక్స్‌డ్ బెడ్ డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పట్టేసే గింజలు). రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు అయిపోయిందో కళ్లకే తెలుస్తుంది. బయటికొచ్చే నీళ్లు 0 చూపించాలి, 1 దాటగానే రెజిన్ మార్చాలి. ఆర్‌వో ఆన్ చేసిన మొదటి రెండు లీటర్లు బకెట్‌లోకి వదిలేయండి, ఆగి ఉన్న మెంబ్రేన్ నుంచి మొదట వచ్చే నీళ్లలో టీడీఎస్ ఎక్కువ, రెజిన్ అంతా దానికే ఖర్చయిపోతుంది. బోరు నీళ్లు వెయ్యి టీడీఎస్ ఉన్న కాలనీల్లో రెజిన్ త్వరగా అయిపోతుంది. అక్కడ మెంబ్రేన్ కొత్తది వేయించడమే చవక.

ఏసీ నుంచి కారే నీళ్లు శుద్ధమైనవే కదా అని బకెట్ పట్టేవాళ్లున్నారు. ఆ నీళ్లు రాగి గొట్టాల మీదుగా వస్తాయి. రొయ్యలకి, నత్తలకి, కోరల్స్‌కి రాగి అతి కొద్దిగా ఉన్నా విషమే. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లూ వద్దు, ఈ వారం క్యాన్‌కీ వచ్చే వారం క్యాన్‌కీ పొంతన ఉండదు.

ఇక ఎండ. నీళ్లు 25, 26 డిగ్రీలుండాలి, 27 దాకా పరవాలేదు. 29, 30 రోజుల తరబడి ఉంటే కోరల్స్ లోపలుండే సూక్ష్మమైన నాచుని (ఆల్గేని) బయటికి నెట్టేసి తెల్లబడతాయి. సముద్రంలో పగడపు దిబ్బలు తెల్లబడేదీ అందుకే. పైగా వేడెక్కేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. 35 పీపీటీ నీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకి దాదాపు 6.7 మిల్లీగ్రాములు పట్టుకుంటే, 30 దగ్గర 6.2. అదే సమయానికి చేపల అవసరం పెరుగుతుంది.

మీది హైదరాబాద్ కావడం ఇక్కడ కలిసొచ్చింది. 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్, 120 మిల్లీమీటర్లది, నీళ్ల మీదుగా ఏటవాలుగా ఊదేలా బిగించండి. మూత తీసేసి పైన వల పెట్టండి, క్లౌన్లు ఎగరవని ఎవరు చెప్పినా వినకండి. లీటరు నీళ్లు ఆవిరైతే 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. రోజంతా పంచితే అది 28 వాట్ల చల్లదనం, మీ లైటు, పంపులు కలిసి నీళ్లలోకి వదిలే వేడికి దగ్గరదగ్గర సరిపోతుంది. అయితే ఫ్యాన్ నీళ్లని గాలి తడి బల్బు ఉష్ణోగ్రత (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించేది) కిందికి ఎప్పటికీ దించలేదు. హైదరాబాద్ మేలో గది 35 డిగ్రీలు, తేమ 30 శాతం అనుకుంటే ఆ హద్దు 22 దగ్గర ఉంటుంది, ఫ్యాన్‌కి బోలెడంత అవకాశం. విశాఖలో అదే 35 డిగ్రీలకి తేమ 70 శాతం ఉంటే హద్దు 30. అక్కడ నాలుగు ఫ్యాన్లు పెట్టినా 30 దిగవు, నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రమో ఏసీనో తప్పదు. చిల్లర్ కొంటే దాని వేడిగాలి బయటికి పోయే చోట పెట్టండి. మూసిన గదిలో పెడితే గదిని వేడెక్కించి, ఆ గది ట్యాంక్‌ని వేడెక్కించి, తనకి తానే పని పెంచుకుంటుంది.

ఫ్యాన్‌ని నేరుగా ప్లగ్గులో పెట్టకుండా ఎస్‌టీసీ 1000 లాంటి చవక కంట్రోలర్‌కి తగిలించి 26.5కి, తేడా 0.5కి సెట్ చేయండి. లేకపోతే రాత్రి కూడా ఊది 23కి దించుతుంది, పగలు మళ్లీ 28. ఆ ఊగిసలాటకన్నా నిలకడగా 27.5 మేలు. లైట్ టైమర్ సాయంత్రం 4 నుంచి రాత్రి 12 దాకా మార్చండి, మిట్టమధ్యాహ్నపు వేడికి లైటు వేడి తోడవకుండా ఉంటుంది. కోరల్స్‌కి 8 గంటల వెలుతురు కావాలి, అది ఏ 8 గంటలైనా వాటికొకటే. ఐసు సీసాలు అలవాటు చేసుకోకండి. లీటరు గడ్డ కరిగి నీళ్లతో సమానం అయ్యేసరికి మీ 50 లీటర్లు రెండు డిగ్రీలు పడిపోతాయి. కరెంటు పోయి 32 చూపిస్తుంటే అర లీటరు సీసా ఒకటి, అది కూడా బయట కడిగి, మూత బిగించి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడవాల్సింది లైటు కాదు, వేవ్‌మేకర్ (నీళ్లని కదిపే చిన్న పంపు). 5, 10 వాట్లకి మించదు, రాత్రంతా నడుస్తుంది. నీళ్ల పైభాగం కదులుతుంటే గాలి కలుస్తుంది, అదే చేపల్ని కాపాడేది. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గరుంచండి.

బఫర్ సంగతికి వద్దాం. పీహెచ్ 7.8 ఉందని పోస్తున్నారు. పీహెచ్ తక్కువ కావడానికి మీ దగ్గర కారణం ఆల్కలినిటీ కాదు, తలుపులు మూసి ఏసీ వేసిన పడకగది. ఇద్దరు మనుషులు రాత్రంతా ఊపిరి వదిలిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, నీళ్లలో కరుగుతుంది, పీహెచ్ దిగుతుంది. బఫర్ పోస్తే కాసేపు పైకి లేచి, గాలితో సర్దుకోగానే మళ్లీ కిందికొస్తుంది. పీహెచ్ దిగినా పోసిన ఆల్కలినిటీ మాత్రం అలాగే ఉండిపోతుంది. అలా 11కి చేరింది. తర్వాత మీరు భయపడి పెద్ద వాటర్ చేంజ్ చేశారు, కిందికొచ్చింది. పొద్దున ఓ గంట కిటికీ తెరిచి చూడండి, పీహెచ్ పైకి లేస్తుంది. తెరవడం కుదరకపోతే 7.8తో కూడా ఏ నష్టమూ లేదు, పీహెచ్ కిట్ వెంట పరిగెత్తడమే నష్టం.

ఆల్కలినిటీ గురి 8 డీకేహెచ్. ఆక్వా షాపు కిట్ వాడితే అది పీపీఎంలో చెబుతుంది, 1 డీకేహెచ్ అంటే 17.9 పీపీఎం కాబట్టి 8 అంటే సుమారు 143. ఏమీ పోయకుండా వరసగా నాలుగు రోజులు ఒకే టైముకి కొలవండి. లైటు వేసే ముందు సమయం మంచిది. రోజుకి ఎంత పడిపోతోందో అదే మీ ట్యాంక్ ఖర్చు. మెత్తటి కోరల్స్ మాత్రమే ఉన్న ట్యాంక్‌లో ఆ ఖర్చు దాదాపు ఉండదు, వారం వారం వాటర్ చేంజే భర్తీ చేసేస్తుంది. పడిపోతోందని తేలితే, 50 లీటర్లలో 1 డీకేహెచ్ పెంచడానికి వంటసోడా ఒకటిన్నర గ్రాములు చాలు. వంటసోడా అంటే సోడియం బైకార్బనేట్ ఒక్కటే ఉన్నది, బేకింగ్ పౌడర్ కాదు. పావు లీటరు డీఐ నీళ్లలో కరిగించి, వేవ్‌మేకర్ ముందు మెల్లగా పోయండి. రోజుకి అర డీకేహెచ్ మించి కదపకండి. కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1,250 నుంచి 1,350 పీపీఎం మధ్య ఉంటే వాటి జోలికి పోవద్దు. మెగ్నీషియం బాగా తక్కువైతే మాత్రం కాల్షియం, ఆల్కలినిటీ రెండూ ఎంత పోసినా నిలవవు, పంపుల మీద తెల్లటి గార కట్టేస్తాయి.

సున్నపు తేట టాప్ ఆఫ్‌లో కలపమని ఎవరో చెప్పారన్నారు. పద్ధతి మంచిదే, మీ ట్యాంక్‌కి కాదు. గాఢమైన సున్నపు తేట లీటరు పోస్తే 50 లీటర్లలో రెండు డీకేహెచ్ పైనే పెరుగుతుంది, పీహెచ్ 12 దాటిన నీళ్లవి. మీ సెన్సర్ ఒక్కసారి ఇరుక్కుంటే ట్యాంక్ మొత్తం పోతుంది. తాంబూలం సున్నం అయితే అసలే వద్దు, అందులో ఏముందో అమ్మినవాడికీ తెలియదు.

ఇప్పుడు జిగురు. గోధుమ రంగు అన్నీ ఒకటి కావు. కొత్త ట్యాంక్‌లో మొదటి నెలల్లో పొడిలా పరుచుకునేది డయాటమ్ అనే సూక్ష్మ ఆల్గే, వేలితో తుడిస్తే దుమ్ములా లేస్తుంది, సిలికేట్ అయిపోతే దానంతట అదే పోతుంది. ముదురు ఎరుపు, ఊదా రంగు పొరలా ఉండి, అంచు పట్టుకుని లాగితే గుడ్డముక్కలా ఊడివస్తే సయనో (సయనోబ్యాక్టీరియా). మీరు చెప్పిన లక్షణాలు వేరు: చీమిడిలా సాగడం, కొసల్లో గాలి బుడగలు, పొద్దున శుభ్రంగా ఉండి లైటు వేసిన రెండు గంటల్లో మళ్లీ రావడం, తిన్న నత్తలు చావడం. ఇవి డైనోలు, అంటే డైనోఫ్లాజెలేట్లు అనే ఏకకణ జీవులు. రూఢి చేసుకోవడానికి ఒక గాజు గ్లాసులో కొంచెం జిగురు, ట్యాంక్ నీళ్లు వేసి మూతపెట్టి బాగా కుదపండి. కాఫీ ఫిల్టర్ కాగితంలో వడగట్టి, కిందికి దిగిన నీళ్లని గంటసేపు లైటు కింద పెట్టండి. ఆ నీళ్లలో మళ్లీ దారాల్లా ముద్ద కడితే డైనోలే. డయాటమ్ అయినా సయనో అయినా అలా తిరిగి కూడవు.

ఎవరి దగ్గరైనా స్కూలు మైక్రోస్కోప్ ఉంటే 400 రెట్లలో ఒక చుక్క చూడండి, వైద్యం దాన్నిబట్టి మారుతుంది. నీటిబొట్టు ఆకారంలో, ఒక కొసన కట్టేసినట్టు అక్కడక్కడే తిరుగుతుంటే ఆస్ట్రియోప్సిస్. ఇది రాత్రుళ్లు నీళ్లలోకి లేస్తుంది కాబట్టి యూవీకి (నీళ్లని అతినీలలోహిత కాంతి గుండా పంపే పరికరానికి) దొరుకుతుంది. ఇసుకలోనే ఉండిపోయి, నిదానంగా జారుతూ కదిలేది ఆంఫిడినియం. దానికి యూవీ దండగ.

ఇవి ఎందుకొచ్చాయంటే, డ్రై రాక్ మొదటి నెలల్లో ఫాస్ఫేట్‌ని పీల్చేసుకుంటుంది, దానిపైన మీరు ఫాస్ఫేట్ రిమూవర్ మీడియా వేశారు, నైట్రేట్ తగ్గించే సీసా పోశారు. మామూలు ఆల్గే, బ్యాక్టీరియా ఆకలితో చచ్చాయి. ఖాళీ అయిన చోట డైనోలు కాపురం పెట్టాయి. వాటికి సున్నా పోషకాల్లో బతకడం చేతనవును. అందుకే మందు విషం కాదు, తిండి. మీడియా తీసేయండి. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య నిలబెట్టండి. ల్యాబ్ గ్రేడ్ సోడియం నైట్రేట్ 6.85 గ్రాములు అర లీటరు డీఐ నీళ్లలో కరిగించి పెట్టుకోండి, అందులో 5 మిల్లీలీటర్లు పోస్తే మీ 50 లీటర్లలో నైట్రేట్ 1 పీపీఎం పెరుగుతుంది. రోజుకి 5 మిల్లీలీటర్లు, రెండు రోజులకోసారి టెస్ట్, 5 చేరగానే ఆపి చూడండి. ఫాస్ఫేట్‌కి మొదట చేపల మేత పెంచండి, ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించిన చిన్న రొయ్యల్లాంటి మేత) రోజుకి రెండు పూటలు, కడగకుండా.

ఫాస్ఫేట్ కిట్ విషయంలో జాగ్రత్త. మంచినీటి కిట్లు 0.25 మెట్లలో చెబుతాయి, మనకి కావలసిన రేంజి మొత్తం వాటికి సున్నాయే. తక్కువ రేంజి డిజిటల్ చెకర్ కావాలి. అది ఫాస్ఫరస్‌ని పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు) చూపించే రకమైతే 3.066తో గుణించి వెయ్యితో భాగించాలి. ఉదాహరణకి 20 పీపీబీ అంటే 0.06 పీపీఎం ఫాస్ఫేట్.

పోషకాలు కిట్‌లో కనబడటం మొదలైన వారానికి మూడు రోజులు పూర్తి చీకటి: లైటు ఆపి, ట్యాంక్ చుట్టూ నల్లగుడ్డ కప్పండి, ఎయిర్ పంపు నడవనివ్వండి. జోవాలు, మష్రూమ్‌లు దీన్ని తట్టుకుంటాయి. ఆస్ట్రియోప్సిస్ అని తేలితే అదే సమయంలో 5 నుంచి 9 వాట్ల యూవీ, నేరుగా ట్యాంక్ నుంచి తీసుకుని ట్యాంక్‌లోకే వదిలేలా, గంటకి 100 నుంచి 150 లీటర్ల నిదానమైన ప్రవాహంతో. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేసి వారానికోసారి మార్చండి, చచ్చే డైనోలు వదిలే విషాన్ని అది పడుతుంది. జిగురుని సన్నని ట్యూబుతో పీల్చి, 5 లేదా 10 మైక్రాన్ల వడపోత సంచి (సాక్) గుండా వడగట్టి అదే నీళ్లు తిరిగి పోయండి. ఈ మూడు నాలుగు వారాలు వాటర్ చేంజ్ ఆపేయండి. కొత్త ఉప్పునీళ్లు పోసిన మర్నాడు డైనోలు విజృంభించడం మామూలుగా జరిగేదే. చివరికి రాళ్ల మీద ఆకుపచ్చ నాచు కనబడితే కంగారు పడొద్దు, మీరు గెలుస్తున్నారన్నమాట. అప్పుడు నాలుగు ట్రోకస్ నత్తలు తెచ్చుకోవచ్చు, అంతకుముందు తెస్తే అవీ పోతాయి.

తర్వాత వారానికి 5 లీటర్ల మార్పు చాలు, స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసే పరికరం) లేదన్న బెంగ అక్కర్లేదు. 5 లీటర్లకి రీఫ్ సాల్ట్ సుమారు 190 గ్రాములు, చివర్లో రిఫ్రాక్టోమీటర్‌తో సరిచూసి. నీళ్లలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. అలా పోస్తే అడుగున గాఢత పెరిగి కాల్షియం కార్బనేట్ సున్నంలా విరిగిపోతుంది, తర్వాత ఎంత తిప్పినా కరగదు. బస్తా తెరిచే ముందు దొర్లించండి, బరువైన గింజలు అడుగుకి దిగి ఉంటాయి. వానాకాలంలో ఉప్పు చెమ్మ పట్టి గడ్డకడుతుంది, గాలి చొరని డబ్బాలో పోసుకోండి. కొనేటప్పుడు ఆల్కలినిటీ 8 దగ్గర వచ్చే రకం అడగండి. 11, 12 ఇచ్చే రకాలు గట్టి పగడాల ట్యాంక్‌ల కోసం.

కళ్లుప్పు వాడొచ్చా అన్నారు, సముద్రం నుంచే కదా అని. నౌపడ అయినా చినగంజాం అయినా మడుల్లో ముందు సోడియం క్లోరైడ్ గింజకడుతుంది, మెగ్నీషియం, పొటాషియం మిగిలిన చేదునీళ్లలో ఉండిపోతాయి, వాటిని వదిలేస్తారు. మీ చేతికొచ్చేది కూరకి పనికొస్తుంది, కోరల్‌కి కాదు. విశాఖ నుంచి బంధువులు నీళ్లు తెస్తామన్నారు సరే, వర్షాల తర్వాత నదుల నీళ్లు కలిసి బంగాళాఖాతం తీరం సెలినిటీ బాగా పడిపోతుంది, ఒడ్డు దగ్గర మురుగు సంగతి వేరే చెప్పక్కర్లేదు. వారానికి 5 లీటర్ల కోసం ఆ తిప్పలు అనవసరం.

బెడ్‌రూమ్ అన్నారు కాబట్టి ఒక మాట. దోమల లిక్విడ్, కాయిల్స్, స్ప్రేలలో ఉండేవి పైరెత్రాయిడ్లు, రొయ్యజాతికి అవి తీవ్రమైన విషం. ఎయిర్ పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలో కలుపుతుంది. ఆ గదిలో దోమతెర వాడండి, లేదా పంపు గదిబయట పెట్టి ట్యూబు లోపలికి తేండి. ఇంకొకటి, జోవాల్లో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ముక్కలు కోసినా, రాయి రుద్దినా గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. జోవాలున్న రాయిని మరిగించి శుభ్రం చేయాలన్న ఆలోచనే వద్దు, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలు విదేశాల్లో ఉన్నాయి.

హామర్ కోరల్, బ్లూ టాంగ్ కొనమంటారా అన్నారు. బ్లూ టాంగ్ అడుగు పొడవు పెరిగే చేప, రెండడుగుల గాజుపెట్టెలో పెట్టడం దానికి శిక్ష. హామర్ గట్టి పగడం. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, సీ ఫ్యాన్‌లు, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్ కూడా 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన సముద్రంలోంచి తీసింది కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. మన్నార్ సింధుశాఖ వైపు నుంచి వచ్చే లైవ్ రాక్ అన్న పేరుతో అమ్మేదీ చచ్చిన పగడమే, అదీ ఆ లెక్కలోకే వస్తుంది. దిగుమతి చేసిందంటే దిగుమతి కాగితాలు చూపించమనండి. గట్టి పగడాలు సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నవి, మన చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత అలాంటి జీవులు ఉన్నవాళ్లు నమోదు కూడా చేయించుకోవాలి. షాపువాడు కాగితం లేదంటే బేరం అక్కడితో ఆపేయండి. మీ ట్యాంక్‌కి ఇంకో రెండు రంగుల జోవాలు, క్జేనియా అనే మెత్తటి కోరల్ ఒకటి, క్లౌన్లకి తోడు ఒక చిన్న గోబీ చేప సరిపోతాయి, అవి కూడా డైనోలు పోయి, ఆల్కలినిటీ నెలరోజులు అర డీకేహెచ్ కూడా కదలకుండా నిలిచాక.